జేబులో మిగిలిన రబ్బరు మూత

మేస్త్రీని ఒక చోట కూర్చోబెట్టడం కన్నతల్లి వల్లే కాలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు పైకెత్తి పెట్టి, ఎవరో పిలిస్తే లేచి పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు తింటాడు. కాలుగాలిన పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు కాలు చల్లబడుతుంది గానీ ఈయనకి ఈ జన్మలో చల్లబడదని భార్య ఇరుగుపొరుగు దగ్గర వాపోతూ ఉంటుంది. షెడ్డులో ఒక కుర్చీ ఉంది. వచ్చినవాళ్లు దాంట్లో కూర్చుంటారు, మధ్యాహ్నం కుక్క పడుకుంటుంది, మేస్త్రీ మాత్రం దాని మీద పానాలు పెట్టుకుంటాడు.

ఆయన పని పెద్ద లారీల బ్రేకులు. అందులోనూ చాంబర్లంటే ఆయన తరవాతే ఎవరైనా. అంత బరువున్న లారీని ఆపేది డ్రైవరు కాలి సత్తువ కాదు, గాలి. చక్రం వెనకాల రెండు గిన్నెలు మూతికి మూతి ఆనించి పట్టీ వేసినట్టు ఒక డబ్బా ఉంటుంది, అదే చాంబరు. పెడలు తొక్కితే దాంట్లోకి గాలి వెళ్లి ఒక కడ్డీని ముందుకు తోస్తుంది, ఆ కడ్డీ బ్రేకు పట్టిస్తుంది. వెనక చక్రాల చాంబర్లకి ఇంకో డబ్బా కూడా అతికి ఉంటుంది. దాంట్లో ఒక రాక్షసి స్ప్రింగు. గాలి ఉన్నంతసేపూ ముడుచుకుని పడి ఉండి, డ్రైవరు హ్యాండ్ బ్రేకు వేయగానే విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. కొత్త చాంబరు తెచ్చినప్పుడు ఈ స్ప్రింగు ఎవరి మీదికీ విరుచుకు పడకుండా ఒక పొడవాటి బోల్టుతో కట్టేసి ఉంటుంది. చాంబరు బండికి బిగించాక ఆ బోల్టు తీసి, పక్కనే దానికోసం ఉన్న గాడిలో దాచి, ఖాళీ అయిన కన్నానికి రబ్బరు మూత పెట్టాలి. మేస్త్రీ ఇదంతా నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తాడు.

ఇంత పనిమంతుడికీ ఒక జబ్బు ఉంది. తను బిగించిన బ్రేకుని ఇంకొకడు తన కళ్లముందు పరీక్ష చేస్తే ఒళ్లు మండిపోతుంది. కొందరు డ్రైవర్లు షెడ్డులోంచి కదిలే ముందు హ్యాండ్ బ్రేకు వేసే ఉంచి, మొదటి గేరులో బండిని ముందుకి లాగి చూస్తారు. బ్రేకు పట్టి ఉంటే లారీ గుర్రుమంటూ ముక్కు పైకెత్తుతుంది గానీ కదలదు. అది మంచి అలవాటే. కానీ వండినావిడ ఎదురుగా కూర్చుని అన్నంలో రాళ్లు ఏరుతున్నట్టు ఉంటుంది మేస్త్రీకి. ఏమీ అనడు. మొహం గంటు పెట్టుకుని, పానాలు దబదబా పెట్టెలో పడేస్తాడు. దాంతో వాళ్లంతా మొహమాటపడి లాగి చూడడం మానేశారు. మానకుండా మిగిలినవాడు సొంత బావ ఒక్కడే.

ఈ బావ మేస్త్రీ అక్క మొగుడు. లారీ డ్రైవరు. ఇల్లు అంటుకుందని చెప్పినా చెప్పులు వెతుక్కుని, వాటికి దుమ్ము దులుపుకుని గానీ బయటికి రాడు. ఒకరికి తొందరెక్కువ, ఇంకొకరికి తొందరే లేదు. కలిసినప్పుడల్లా ఒకరినొకరు ఆడిపోసుకోవడం, అక్క మధ్యలో ఇద్దరినీ కలిపి తిట్టడం ఆ ఇంట్లో మామూలు.

ఆ రోజు పొద్దున్న బావ లారీ బుస్సుబుస్సుమంటూ వచ్చింది. వెనక ఇరుసు ఎడమ పక్క చాంబరు గాలి వదిలేస్తోంది. వస్తూ వస్తూ దారిలో ఏదో దుకాణంలో ఒక కొత్త చాంబరు కూడా కొనుక్కొచ్చాడు బావ. లోడు ఎక్కించి ఉంది, మధ్యాహ్నానికి దింపాలి, ఇది పెట్టేసి పంపించెయ్యమన్నాడు. మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నంబరు అదే, సైజు అదే, పక్కపక్కన పెడితే కవలపిల్లలే. కానీ గాలి గొట్టం బిగించే చోటు గుండ్రంగా లేదు, పలకలుగా ఉంది. అంటే కడ్డీ ఎక్కువ దూరం పోయే రకం. కుడి పక్క ఉన్నది మామూలు రకం. ఒకే ఇరుసుకి ఆ పక్క ఒకటీ ఈ పక్క ఒకటీ పెడితే, దిగుడులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఒక చక్రం పట్టి ఇంకోటి పట్టక బండి పక్కకి గుంజుతుంది.

బావ వినలేదు. నంబరు ఒకటే కదా, కన్నాలు సరిపోతున్నాయి కదా, నువ్వు ప్రతిదానికీ పేచీ పెడతావు అన్నాడు. మేస్త్రీ తగ్గలేదు. ఒక కాలికి బూటూ ఒక కాలికి రబ్బరు చెప్పూ వేసుకుని నువ్వు పరుగెత్తి చూపించు, అప్పుడు పెడతానన్నాడు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ డ్రైవర్లు నవ్వారు. బావకి కోపం రాలేదు, ఆయనకి అది కూడా నింపాదిగానే వస్తుంది. చివరికి ఆయనే వెళ్లి ఆ చాంబరు తిరిగిచ్చేసి, గొట్టం బిగించే చోటు గుండ్రంగా ఉన్నవి, ఒకే రకంవి, జోడు పట్టుకొచ్చాడు.

గెలిచిన మనిషి నోరు ఊరుకుంటుందా? మేస్త్రీ బండి కింద దూరి రెండు పక్కలా పాతవి విప్పుతూ, కొత్తవి బిగిస్తూ, కడ్డీలు కొలిచి కోస్తూ, ఎడతెరిపి లేకుండా చెబుతూనే ఉన్నాడు. చాంబరు కొనడమంటే వంకాయలు కొనడం కాదన్నాడు. చూపుకి ఒకేలా ఉన్నవన్నీ ఒకటి కావన్నాడు. బూటూ చెప్పూ పోలిక ఆయనకే బాగా నచ్చింది, దాన్ని మళ్లీ మళ్లీ చెప్పాడు. సబ్బు నీళ్లు పూసి గాలి ఎక్కడా కారడం లేదని చూపించి, పెడలు తొక్కించి కడ్డీలు రెండూ సమంగా కదులుతున్నాయని చూపించి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

అప్పుడు జరిగింది వింత. బావ బండెక్కి, లాగి చూడకుండానే హ్యాండ్ బ్రేకు తీసేశాడు. "నువ్వు బిగించాక ఇంక చూసేదేముందిలే" అని చెయ్యూపి వెళ్లిపోయాడు.  ఇన్నేళ్లకి బావ ఒప్పుకున్నాడు. ఆ పూటంతా మేస్త్రీ కాళ్లు నేల మీద ఆనలేదు. టీ కొట్టువాడితో కూడా కారణం లేకుండా నవ్వుతూ మాట్లాడాడు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని, తుడుచుకోవడానికి గుడ్డముక్క కోసం జేబులో చెయ్యి పెట్టాడు. గుడ్డతో పాటు మెత్తగా ఏదో తగిలింది. తీసి చూస్తే నల్లటి రబ్బరు మూత. పని మొదలుపెట్టేటప్పుడు కింద పడి పోకుండా రెండు మూతలూ జేబులో వేసుకున్నాడు. ఒకటి పెట్టాడు. ఇది రెండోది.

ఎవరిదో పోగొట్టుకున్న వస్తువు చూస్తున్నట్టు కాసేపు దాన్ని చూశాడు. 

మూత ఒక్కటే మరిచిపోయి ఉంటే ఫరవాలేదు. కాస్త దుమ్ము పోతుంది, అంతే. కానీ మూత పెట్టలేదంటే, అసలు బోల్టు తీశాడా? బోల్టు తియ్యకపోతే ఆ పక్క స్ప్రింగు ఇంకా కట్టేసే ఉంది. నడుస్తున్నప్పుడు తేడా ఏమీ తెలియదు, కాలి బ్రేకు చక్కగా పడుతుంది. ఎక్కడైనా ఆపి హ్యాండ్ బ్రేకు వేసినప్పుడు మాత్రం ఆ పక్క చక్రాలని పట్టేవాడు లేడు. నిండా లోడున్న లారీ వాలులో ఒక పక్క మీదే నిలబడాలి.

మేస్త్రీ షెడ్డులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. కుడి పక్కది గుర్తుంది. బోల్టు తిప్పుతుంటే బావ చక్రం పక్కన వంగి, ఇంకా ఎంతసేపని అడిగాడు. ఎడమ పక్కది తలుచుకుంటే మాటలు గుర్తొస్తున్నాయి, చేతులు గుర్తు రావడం లేదు. బూటు, చెప్పు, వంకాయలు. తను చెప్పిన ప్రతి ముక్కా గుర్తుంది. బోల్టు తీసుంటే అది బండితోనే పోయింది, తియ్యకపోయినా బండితోనే పోయింది, కాబట్టి షెడ్డులో వెతకడానికి ఏమీ లేదు. అయినా బల్ల కింద వెతికాడు, కుక్కని లేపి కుర్చీ కింద కూడా వెతికాడు.

బావకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు బావ ఫోను తీసి పెట్టెలో పడేస్తాడు, దిగాక కూడా గుర్తొస్తేనే తీస్తాడు. మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. షెడ్డు మూయకుండానే స్కూటరు తీసి అక్క ఇంటికి పోయాడు.

అక్క ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఉంది. గుమ్మంలో తమ్ముడి మొహం చూడగానే ఇస్త్రీ పెట్టె నిలువుగా పెట్టేసింది. బావ లోడు ఎక్కడ దింపుతున్నాడని అడిగాడు మేస్త్రీ. ఎత్తు రోడ్డు చివర కొత్త ఆసుపత్రి కడుతున్నారు, దానికి నేల మీద పరిచే టైల్స్ పెట్టెలు అంది. ఎత్తు రోడ్డు అనగానే మేస్త్రీ వెనక్కి తిరిగి స్కూటరు దగ్గరికి నడిచాడు. ఏమీ లేదు, చిన్న పని మిగిలిందన్నాడు. చిన్న పనికి ఆ మొహమేంటని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇస్త్రీ పెట్టె ఆపేసి, తలుపుకి తాళం వేసి స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది.

ఆ రోజే రోడ్డుకి అడ్డంగా గొట్టాల కోసం తవ్వి పెట్టారు. బళ్లన్నీ ఒకే సందులోంచి పోవాలి. మేస్త్రీ స్కూటరు దిగి ముందుకెళ్లి చూసొచ్చాడు, మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు, హారను కొట్టాడు, ముందున్న ఆటోవాడితో తగువు పెట్టుకున్నాడు. నువ్వు దిగి తోసినా ఈ బళ్లు కదలవు, ముందు కూర్చుని సంగతేంటో చెప్పమంది అక్క. చెప్పాడు. బోల్టు తీశానో లేదో తెలియడం లేదన్నాడు. 

"ఆయన ఇవాళ లాగి చూశాడా?" అని అడిగింది.

లేదన్నాడు మేస్త్రీ.

"నేనే వద్దన్నాను" అంది అక్క. "రాత్రి చెప్పాను. నువ్వు లాగి చూసినప్పుడల్లా నా తమ్ముడి మొహం మాడిపోతోంది, పరాయివాళ్లే మానేశారు, సొంతవాడివి నువ్వు అవమానించడమేంటని పోట్లాడాను. సరేలే, రేపటి నుంచి చూడనులే అన్నాడు."

మేస్త్రీ వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూడలేకపోయాడు. పొద్దున్నంతా మురిసిపోయిన మురిపెమంతా ఉత్తిదే. బావ ఒప్పుకోలేదు. తన మొహం చూడలేక ఊరుకున్నాడు. ముందు బండి కదిలింది, స్కూటరు రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి కదిలింది. దారి పొడుగునా అక్క చెయ్యి ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకునే ఉంది.

ఎత్తు రోడ్డు మలుపు తిరగ్గానే లారీ కనిపించింది. ముక్కు పైకి, తోక కిందికి. వెనక తలుపు తెరిచి ఉంది. కూలీలు ఒకరి వెనక ఒకరు సరిగ్గా తోక దగ్గరే నిలబడి, పెట్టెలు భుజాలకెత్తుకుంటున్నారు. బావ గోడ నీడలో గొంతుక్కూర్చుని కాపలాదారుతో కబుర్లు చెబుతున్నాడు. లారీ గేరులో ఉంది, కుడి పక్క బ్రేకు మీద ఉంది. ఎడమ పక్క ఏముందో ఎవరికీ తెలియదు.

 పొద్దున్నంతా ఆగకుండా వాగిన మేస్త్రీ నోరు ఇప్పుడు పెగల్లేదు. అక్క స్కూటరు ఆగకముందే దూకి, "వెనకున్నవాళ్లంతా పక్కకి రండి" అని కేక పెట్టింది. వీధిలో నీళ్ల కుళాయి దగ్గర పండిన గొంతు అది. కూలీలు ఎక్కడి పెట్టెలు అక్కడ దింపి గోడ పక్కకి వచ్చేశారు. మేస్త్రీ వాళ్ల చేత పెద్ద రాళ్లు తెప్పించి వెనక చక్రాలకి అడ్డం వేయించాడు. తరవాత ఎడమ పక్కన నేల మీద పడుకుని తల లోపలికి పెట్టి చూశాడు.

బోల్టు ఉంది. కన్నంలోంచి వేలెడంత బయటికి పొడుచుకొచ్చి, నట్టు బిగించినట్టే ఉంది. 

బయట బావ గొంతు వినిపిస్తోంది. సైటు చూసుకునే ఆయన వచ్చి పని ఎందుకు ఆపారని గదమాయిస్తుంటే బావ సర్దిచెబుతున్నాడు. మా బావమరిది సార్, పొద్దున్న బ్రేకులు మార్చాడు, ఇంత బాగా చేసి కూడా మనసాగక మళ్లీ చూసుకోవడానికి ఇంత దూరం వచ్చాడు, ఇలాంటి మేస్త్రీ మీకు ఎక్కడా దొరకడు అంటున్నాడు. మేస్త్రీ ఆ మాటలన్నీ విన్నాడు. ఒక్క అబద్ధం చాలు. బండి కాస్త చదునులోకి దింపు, గాలి కారుతోందేమో చూస్తానంటే బావ దింపుతాడు. ఎవరూ చూడకుండా బోల్టు లాగేసి మూత పెట్టేస్తే సరి. అక్క ఎలాగూ నోరు విప్పదు. చాంబర్ల మేస్త్రీ అన్న పేరు పేరులాగే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ లారీ వెనక నిలబడ్డ మనుషుల చెమట వాసన ఇంకా అక్కడే ఉంది.

బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. చొక్కాకి అంటిన మట్టి దులుపుకోలేదు.

"బావా, ఎడమ పక్క బోల్టు తియ్యలేదు నేను. మరిచిపోయాను. పొద్దున్న నుంచి నీ బండికి ఆ పక్క హ్యాండ్ బ్రేకు లేదు."

అందరూ విన్నారు. కూలీల్లో పెద్దామె ఒకావిడ లారీ తోక వంకా, ఇంతసేపూ తను నిలబడ్డ చోటు వంకా చూసి, అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. సైటు ఆయన మేస్త్రీని నానా మాటలూ అన్నాడు. మేస్త్రీ తల వంచుకుని అన్నీ పడ్డాడు, వాటిల్లో తప్పు మాట ఒక్కటీ లేదు.  బావ మాత్రం బండెక్కి కాలి బ్రేకు తొక్కి, రాళ్లు తీయించి, అంగుళం అంగుళం దింపుకుంటూ తీసుకెళ్లి రోడ్డు చదునుగా ఉన్న చోట ఆపాడు. మళ్లీ రాళ్లు వేయించాడు. బావ తిడితే బాగుండేదనిపించింది మేస్త్రీకి. తిట్టలేదు, అదే భరించలేకుండా ఉంది.

పానా తీసుకుని మళ్లీ కింద పడుకున్నాడు. పానా రెండుసార్లు నట్టు మీంచి జారింది. అప్పుడు పక్కన ఏదో జరజరమని ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. చూస్తే బావ. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో, నిండు మనిషి, వెల్లకిలా పాకుతూ లారీ కిందికి దూరి పక్కనే వచ్చి పడుకున్నాడు. ఇన్నేళ్ల డ్రైవరు పనిలో ఆయన ఇటువైపు ఎప్పుడూ తల పెట్టలేదు. పెట్టనిచ్చిందీ లేదు మేస్త్రీ. ఇది డ్రైవర్ల పని కాదని కసిరి పంపించేసేవాడు.

"ఇదేనా?" అన్నాడు బావ, బోల్టు మీద వేలు పెట్టి.

"అదే."

"ఇది బయటికి కనిపిస్తుంటే స్ప్రింగు కట్టేసినట్టు. లేకుండా మూత ఉంటే వదిలేసినట్టు. అంతేనా?"

అంతేనన్నాడు మేస్త్రీ.

 "ఇంత సులువా? ఇన్నాళ్లూ ఏదో బ్రహ్మవిద్యలా దాచిపెట్టావు కదరా" అన్నాడు బావ. గొంతులో నవ్వు లేదు, కోపమూ లేదు. మేస్త్రీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నూనె చేత్తో తుడుచుకుంటే మొహం ఇంకా పాడైంది. పానా బావ చేతికిచ్చాడు. ఎటు తిప్పాలో చెప్పాడు. బావ తనకి అలవాటైన నింపాదితో, ఒక్కో మలుపూ తిప్పుతూ, నట్టు విప్పి బోల్టు బయటికి లాగాడు. మేస్త్రీ మొదటిసారి తొందరపెట్టకుండా చూస్తూ ఉన్నాడు.

"ఇక ప్రతిసారీ కింద దూరి చూస్తాను, పైన లాగీ చూస్తాను" అన్నాడు బావ. "మీ అక్క ఏమన్నా సరే. నీకు కోపమొస్తే రానీ."

రాదని చెప్పబోయాడు మేస్త్రీ. తన సంగతి తనకి తెలుసు. 

"వస్తుంది బావా" అన్నాడు. "అయినా చూడు."